తైవాన్ ఎంపీ, జానీమియా మైకు

పొద్దున ఆరున్నరకు హైదరాబాద్‌లో సాగర్ బస్సెక్కాం. నాగార్జునకొండ చూడదలచినవాళ్లు ఈ బస్సే పట్టుకోవడం మంచిది, తర్వాతి బస్సులో నిలబడి పోవాలి. అసలు ఈ యాత్ర కోరిక నాది కాదు. మా బావమరిది ట్రావెల్స్ ఆఫీసులో గుమాస్తా. తైవాన్ నుంచి ఒక బౌద్ధ యాత్రికుడు వచ్చాడనీ, ఇంగ్లీషు తెలిసిన తోడు కావాలనీ, రిటైరై ఇంట్లో కూర్చున్న మాస్టారినని నన్ను అంటగట్టాడు.

యాత్రికుడి పేరు చెన్. యాభై దాటి ఉంటాయి. ఎక్కుతూనే డ్రైవరుకు నడుం వంచి దండం పెట్టాడు, కండక్టరుకు పెట్టాడు, కోళ్లగంప ఒళ్లో పెట్టుకున్న అవ్వకూ పెట్టాడు. ఇదేం అలవాటని అడిగాను. రాజకీయాల అలవాటట. మొదట వాడకు పెద్ద, తర్వాత టౌన్ కౌన్సిలరు, ఆపైన వాళ్ల దేశపు పార్లమెంటు సభ్యుడు. నేను నోరు ఊరుకోక ఈ సంగతి పక్కవాళ్లకు చెప్పాను. ఇక చూడండి.

"ఎన్ని బోర్లు ఏయించిండు సార్?" అన్నాడు వెనక సీటాయన.

"తైవాన్ ఏడుంటది బిడ్డా? మిర్యాలగూడ అవుతలనా?" అంది అవ్వ.

ఇంకా చాలా అవతల అన్నాను.

"ఏడుంటే ఏంది, ఎంపీ ఎంపీయే. నా పింఛను సంగతి జర సూడుమను."

చెన్‌కు చెప్పాను. ఆయన లేచి అవ్వ ముందు మళ్లీ నడుం వంచాడు. పింఛను చేతికొచ్చినంత తృప్తిగా ఆమె గంప సర్దుకుంది.

మల్లేపల్లి దాటాక ఒక ఊళ్లో తొమ్మిదింటికి టైరు పంక్చరైంది. స్టెప్నీ చూస్తే అదీ పంక్చరే. అవ్వది ఆ ఊరేనట, దిగి వెళ్లిపోయింది. మేం చాయ్ తాగుతుంటే, ఎదురింటి ముందు ట్రాలీ ఆటోలోకి ఒకాయన మంచం, బీరువా, మైకు డబ్బాలు ఎక్కిస్తున్నాడు. ఆయన భార్య గడపలో కూర్చుని ఏడుస్తోంది. ఆయన పేరు జానీమియా, మైకు సెట్లు కిరాయికిస్తాడు. సర్పంచ్ ఎలక్షన్లో ఇద్దరు అభ్యర్థులకు మైకులిచ్చి, వాళ్ల ఉపన్యాసాలు విని విని, వీళ్లకన్నా నేనే నయమని మూడోవాడిగా నిలబడ్డాడు. ముందురోజు లెక్కింపులో మూడోవాడిగానే మిగిలాడు.

"ఏం మొఖం వెట్టుకొని ఉండాలె సార్ గీ ఊర్ల? హుజూర్‌నగర్‌ల మా బామ్మర్ది ఉన్నడు. గాడికే పోతున్న."

చెన్ నిర్ఘాంతపోయాడు. "ఓటర్లకు కృతజ్ఞత చెప్పకుండానే?"

"వాళ్లు ఓటెయ్యలేదు కదా," అన్నాను.

వాళ్ల దేశంలో ఓడినవాడు మర్నాడే బండెక్కి, వీధి వీధి తిరిగి, మైకులో అందరికీ వందనాలు చెప్పాలట. గెలిచినవాడు చెప్పకపోయినా సరిపెట్టుకుంటారు గానీ ఓడినవాడు చెప్పకపోతే క్షమించరట. జానీమియాకు ఇది విప్పి చెప్పాను. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఊరు ఎలాగూ వదిలేస్తున్నాడు, బండి ఉంది, మైకూ ఉంది. ఎక్కాడు. పక్కన చెన్ ఎక్కాడు. పంక్చరు వేసేవాడు ఇంకా రాలేదు కనుక నేనూ ఎక్కాను.

"అమ్మలారా, అన్నలారా! మీ జానీమియా ఓడిండు. మీ అందరికీ షుక్రియా!"

మొదటి వాడలో ధడాలున తలుపులు మూసుకున్నాయి. సంగతేమంటే, ఓటుకో స్టీలు గ్లాసు పంచాడట. వాపసు అడగడానికి వచ్చాడనుకున్నారు. చివరికి ఒకావిడ తలుపు తీసి గ్లాసు తెచ్చి బండిలో పెట్టింది.

"ఏయలేదు మియా, అబద్ధమెందుకు? నీ గిలాస నువ్వు తీస్కపో."

ఆమెను చూసి రెండో ఆవిడ, ఆ వెనక మొత్తం వాడ. వద్దంటే వినరు, కొందరు ఏడ్చారు కూడా. చెన్ ఒక్కో గ్లాసుకు ఒక్కోసారి వంగుతున్నాడు. గ్లాసులకు జాగా చాలక మంచం దింపాల్సి వచ్చింది, రెండో విడతకు బీరువా. దింపిన సామాను దింపినట్టే జానీమియా భార్య కళ్లు తుడుచుకుని లోపల సర్దేసింది. చివర్లో గెలిచిన సర్పంచే ఎదురొచ్చాడు.

"నువ్వు వోతే నా ఊరేగింపుకు మైకు ఎవడిస్తడు మియా? ఏడికి వోవద్దు."

జానీమియా మైకు కట్టేసి, అక్కడే కూలబడి పెద్దగా ఏడ్చాడు. ఇంతలో బస్సు హారను కొట్టింది.

మధ్యాహ్నం సాగర్ చేరాం. హోటల్లో భోజనం చవక, పప్పు మాత్రం పలచన. లాంచీలో కొండకు వెళ్లాం. అంత దూరం నుంచి వచ్చినవాడు బుద్ధుణ్ణి సరిగా చూడనేలేదు, నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం తిరుగు బస్సు ఆ ఊళ్లో ఆగితే జానీమియా కిటికీ దగ్గరకు పరుగెత్తుకొచ్చి, ఒక చేతిమైకు చెన్ ఒళ్లో పెట్టాడు.

"గుర్తుకుంటది, ఉంచుకోండ్రి సాబ్. మీరు ఓడినప్పుడు గిట్లనే తిరిగిండ్రా?"

ఇంగ్లీషులో అడిగాను. చెన్ మైకును అటూ ఇటూ తిప్పి చూస్తూ చెప్పాడు. గెలిచిన ప్రతిసారీ తిరిగాడట. పోయిన నెల వెయ్యి ఓట్ల తేడాతో ఓడినప్పుడు మాత్రం, తెల్లారేసరికి విమానమెక్కి ఇటు వచ్చేశాడట. నేను అనువదించాను. కిటికీ కింద అప్పటికే ఊళ్లోవాళ్లు గుంపుగా చేరారు. పొద్దుటి అవ్వ ముందుకొచ్చింది.

"ఓడితే ఏమాయె బిడ్డా? ఇంటికి పో. నీ షుక్రియా నువ్వు జెప్పుకో. ఈపారి ఊరంత నీకే ఏస్తం."

ఆమె మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. బస్సు కదిలింది. రేపటి విమానానికి టికెట్టు మార్చాలన్నాడు. మైకు గుండెకు హత్తుకుని, ఆ ఊళ్లో ఓట్లెన్ని ఉంటాయని అడిగాడు. పదిహేను వందలుంటాయేమో అన్నాను.

చెన్ వేళ్లమీద లెక్క వేసుకుని, కళ్లు తుడుచుకుని, "అయితే గెలుస్తాను" అన్నాడు.