రూతమ్మ టీచరు కట్టించిన ఉండలు

నానిన మెంతుల వాసన చాలామందికి గిట్టదు. నాకు మాత్రం అది బడి వాసన. మొన్న మా పాపను బడిలో పాత సామానుతో ఏదైనా చేసి తెమ్మన్నారు. ప్రొద్దుటూరులో తల్లులకు ఆ బాధ లేదు. బడికి ఎదురుగా ఉన్న ఫ్యాన్సీ షాపులో తయారైన ప్రాజెక్టులే అమ్ముతారు, పిల్ల పేరు రాసుకోవడమొక్కటే మిగిలిన పని. వాటిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. "కొనేది లేదు, చేద్దాం" అని పాత పేపర్లు చింపి బకెట్లో వేసి, పక్క గిన్నెలో మెంతులు నానబోశాను. మరునాడు మధ్యాహ్నం మూత తీసేసరికి తడి కాగితమూ మెంతులూ కలిసిన ఆ వాసన వంటిల్లంతా నిండింది. పాప ముక్కు మూసుకుంది. నేను బకెట్ మీదకు వంగి గట్టిగా పీల్చుకున్నాను. కిటికీ మాత్రం తెరవలేదు. తెరిస్తే ఎదురు పోర్షన్ ఆవిడ ఏదో ఒకటి అంటుంది. నీళ్ల మోటారు దగ్గర మొదలైన గొడవ అది. ఏడు నెలలుగా మా రెండిళ్ల మధ్య మాటల్లేవు.

ఆ ముద్ద పిసుకుతూ పాపకు రూతమ్మ టీచరు గురించి చెప్పడం మొదలుపెట్టాను. మా ఊరు కొండాపురం వైపు ఉండేది. ఇప్పుడు గండికోట జలాశయం నీళ్ల కింద ఉంది. అందులో రెండే వీధులు, పై వీధి, కింద వీధి. పార్టీల పేర్లు ఎన్నికలప్పుడే వినిపించేవి గానీ, వర్గాలు మాత్రం ఏడాది పొడుగునా ఉండేవి. పై వీధిది ఒక పెద్దాయన, మా కింద వీధిది ఇంకో పెద్దాయన. ఒక వీధి పెళ్లిలో ఇంకో వీధివాళ్లు మంచినీళ్లు కూడా తాగరు. ఆ రెండు వీధుల మధ్య ఒక్క గది ఉండేది, అదే మా బాలవాడి. జమ్మలమడుగు నుంచి పొద్దున మొదటి బస్సుకు రూతమ్మ టీచరు వచ్చేది. తాతల కాలం నుంచి మిషను కుటుంబం వాళ్లది, ఇంట్లో సగం మంది నర్సులు, మిగతా సగం టీచర్లు. మనిషి పొట్టిగా, బొద్దుగా ఉండేది. చీర మీద ఎప్పుడూ ఏదో ఒక మరక, ఎర్ర జాజుదో, సున్నానిదో, బెల్లానిదో. చంకలోని గుడ్డసంచిలోంచి ఈ రోజు ఏం తీస్తుందా అని మేము బస్సు దగ్గరే కాచుకుని ఉండేవాళ్లం.

ఆమె మాకు అక్షరాలు నేర్పిందో లేదో నాకు బాగా గుర్తు లేదు. జొన్నదంటు ఒలిచి బెండుతో కళ్లద్దాలు, ఎద్దుల బండ్లు చేయడం నేర్పింది. నల్లరేగడి మట్టిలో బూడిద కలిపితే బొమ్మ పగలదని నేర్పింది. శనివారం మాత్రం బొరుగుల ఉండలు. ఇటుకల పొయ్యి మీద ఆమె బెల్లం పాకం పట్టేది. ఒక చుక్క నీళ్లలో వేసి, వేళ్ల మధ్య నలిపి, మెత్తటి ఉండ అయిందంటే దించి బొరుగులు కలిపేది. వేడి మీదనే కట్టాలి, ఆరితే పలుకులు పలుకులుగా రాలిపోతుంది. మేము చేతులు తడుపుకుని గుండ్రంగా కూర్చునేవాళ్లం. మొదటి శనివారమే ఆమె ఒక షరతు పెట్టింది.

"ఎవురు కట్టిన ఉండ వాళ్లు తినగూడదు. కుడిపక్కన కూచున్నోళ్ల చేతిలో పెట్టాల."

"మరి నాకు?" అని నేనే అడిగాను.

"నీ ఎడమపక్కన పాప ఇస్తాది గదమ్మే, పిచ్చిదానా."

ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా ఆమే చెప్పేది. ఒక పై వీధి, ఒక కింద వీధి, మళ్లీ ఒక పై వీధి. నా ఎడమపక్కన ఎప్పుడూ ఓబులమ్మ. పై వీధి పిల్ల, నా ఈడుదే, ఆరేళ్లుంటాయి. రెండు జడలు, ముక్కు ఎప్పుడూ కారుతూ ఉండేది.

ఆ ఓబులమ్మ చేతిది తినడం నా వల్ల కాలేదు. మా నాయన వాళ్లమ్మను, అంటే మా జేజిని, చూస్తే నాకు హడల్. "పై వీధోళ్ల చేతిది ఏదన్నా నోట్లో పెట్టుకున్నావంటే నాలుకకు వాత పెడతా" అని రోజూ చెప్పి పంపేది. దానికి కారణమైన మనిషి మా అరుగు మీదే కూర్చుని ఉండేవాడు. ఆయన మా చిన్నాయన నరసింహులు. ఆయనకు కుడిచేయి మణికట్టు దాకా లేదు. పై వీధివాళ్లు బాంబు వేస్తే పోయిందని అందరూ అనేవాళ్లు. ఆ కేసులో ఉన్న పేరు ఓబులమ్మ వాళ్ల నాయనది. అతను పోలీసులకు భయపడి ఊరు వదిలి ఎక్కడెక్కడో తిరుగుతున్నాడు. చిన్నాయన అంతకుముందు గొర్రెల ఉన్ని కత్తిరించడంలో మొనగాడట. నాకు తెలిసిన చిన్నాయన మాత్రం భుజం మీది తువ్వాలుతో చేయి కప్పుకుని, గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు.

అందుకని ఓబులమ్మ ఇచ్చిన ఉండను నేను పావడా మడతలో దాచి, ఇంటి వెనక మందలో ఉన్న గొర్రెపిల్లకు పెట్టేదాన్ని. అది నన్ను చూస్తే చాలు, గంతులేసుకుంటూ వచ్చేది. నాలుగైదు శనివారాలు అలాగే గడిచాయి. ఎవరికీ తెలియదనుకున్నాను. ఒకరోజు రూతమ్మ టీచరు నా జడ సరిచేస్తూ చెవిలో అడిగింది. "ఓబులమ్మ ఉండలో బెల్లం సరిపోయిందంటనా మీ గొర్రెపిల్లకు?"

నేను బిక్కచచ్చిపోయాను. ఆమె తిట్టలేదు, తినమని కూడా అనలేదు. "దాని ఇష్టమొచ్చినన్ని దినాలు తిననీ. ఆ పాప కట్టేది మానదు, నేను పెట్టించేది మాన్ను" అంది, అంతే.

ఆ ఏడాది ఎన్నికలు వచ్చాయి. రోజుకు నాలుగు జీపులు వచ్చి కరపత్రాలు చల్లి పోయేవి. పిల్లలు కూడా ఎవరి వీధి కాగితాలు వాళ్లే ఏరుకునేవాళ్లు. రూతమ్మ టీచరు అన్నీ తెమ్మంది. తెచ్చినవన్నీ ఒకే తొట్టిలో వేసి, నీళ్లు పోసి, మమ్మల్ని దిగి తొక్కమంది. కాగితం మెత్తని గుజ్జయ్యాక నూరిన మెంతులు కలిపి, బోర్లించిన చెంబు మీద అద్ది ఆరబెడితే గట్టి గిన్నె అవుతుంది. అయితే మెంతులు నూరేది ఎవరు?

ఆ సాయంత్రం బస్సుకు పోతూ ఆమె మా అరుగు ముందు ఆగింది.

"నరసింహులప్పా, మెంతులు రుబ్బేదానికి మనిషి కావాల."

చిన్నాయన తువ్వాలు ఇంకొంచెం కిందికి లాక్కున్నాడు. "కనపళ్ల్యా టీచరమ్మా, నాకు చెయ్యి ల్యా."

"లేంది అట్ల పెట్టు. ఉండేదాంతోనే రా. పొత్రం తిప్పేదానికి ఒకటి చాలు."

ఆ మాట అంత సూటిగా ఆయనతో ఎవరూ అనలేదు. అందరూ అయ్యో పాపం అనేవాళ్లు, పగ తీర్చుకుందాం అనేవాళ్లు, పని ఉంది రమ్మన్నవాళ్లు మాత్రం లేరు. మరునాడు ఆయన వచ్చి గది వసారాలో రుబ్బురోలు ముందు కూర్చున్నాడు. వారం రోజులు వరసగా వచ్చాడు.

శనివారం పాకం పొయ్యి మీద ఉండగా పై వీధి నుంచి ఒక పెద్దమనిషి, కింద వీధి నుంచి ఒక పెద్దమనిషి ఒకేసారి గది ముందుకు వచ్చారు.

"ఏమమ్మా, మా పెద్దాయన ఫోటో మీద పిల్లోల్లతో తొక్కిస్తాండావంటనే?" అన్నాడు మా వీధి ఆయన.

"మా ఆయన ఫోటో గూడా" అన్నాడు రెండో ఆయన.

మా ఊళ్లో రెండు వర్గాలూ ఒక్క మాట మీద నిలబడడం నేను చూసింది అదే మొదటిసారి. రూతమ్మ టీచరు తొట్టిలోంచి దోసెడు గుజ్జు తీసి వాళ్ల ముందు పట్టింది. "తప్పేనప్పా. దీంట్లో మీ ఆయన ముక్కు యాడుందో, ఆయప్ప మూతి యాడుందో చూసి ఏరుకోండి. ఎవురిది వాళ్లకిచ్చేస్తా."

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో వాళ్లకు ఇంకా కాలింది. సోమవారం నుంచి మా వీధి పిల్లలు రారని ఒకాయన, మా వీధివాళ్లూ రారని ఇంకొకాయన తేల్చి చెప్పారు. పిల్లలు రాకపోతే గది మూతపడుతుంది. ఆ సంగతి ఆరేళ్ల నాకు కూడా అర్థమైంది, ఎందుకంటే ఆమె ముఖం అట్లా వాడిపోవడం అంతకుముందెప్పుడూ చూడలేదు. ఆమె పొయ్యి వైపు చూసి, "పాకం ముదురుతాంది. ఈ పొద్దుకన్నా ఉండలు కట్టుకోనీండి" అని లోపలికి తిరిగింది.

చేతులు తడుపుకున్నాం. చిన్నాయన కూడా వచ్చి మా మధ్య కూర్చున్నాడు. బొరుగులు తీసుకుని ఒక్క చేత్తో గుప్పిలి బిగించాడు. ఉండ నిలబడలేదు, వేళ్ల సందుల్లోంచి రాలిపోయింది. ఇంకోసారి పట్టాడు, ఇంకోసారి రాలింది. వేడి ఆరిపోతోంది. ఆ రోజు ఆయనకు ఎదురుగా కూర్చున్న ఓబులమ్మ ముక్కు తుడుచుకుని, చేయి మళ్లీ నీళ్లలో ముంచి, తన అరచేయి తెచ్చి ఆయన అరచేతి మీద పెట్టింది. ఎవరూ చెప్పలేదు. కింద ఆయన చేయి, పైన ఆ పిల్ల చేయి, రెండూ కలిసి తిప్పితే ఉండ అయింది.

సరిగ్గా అప్పుడే మా జేజి గుమ్మంలోకి వచ్చింది. పెద్దమనుషుల మాట విని నన్ను ఈడ్చుకుపోవడానికి వచ్చింది. ఆ రెండు చేతులూ చూసి నిలువునా కాలిపోయింది.

"ఒరే, నీ చెయ్యి తీసినోని కూతురు చేతిలో చెయ్యి పెట్టినావేందిరా!"

ఓబులమ్మకు భయం తెలియదో, షరతు ఒక్కటే తెలుసో గానీ, లేచి పోయి ఆ ఉండ మా జేజి చేతిలో పెట్టింది. "అవ్వా, మేం కట్టింది మేం తినగూడదు. నువ్వు తిను."

జేజి దాన్ని విసిరికొట్టడానికి చేయెత్తింది.

"పారెయ్యొద్దమ్మా" అన్నాడు చిన్నాయన. కూర్చున్నచోటు నుంచి లేవలేదు, తల కూడా ఎత్తలేదు. "ఆ పాప నాయన నా మీద బాంబు ఎయ్యల్యా. మన గడ్డివామి ఎనక నేనే బాంబు చుడ్తాంటే పేలింది. మనోళ్లు ఆయప్ప పేరు చెప్పమంటే చెప్పినా."

బయట ఉన్న పెద్దమనుషులిద్దరూ విన్నారు. మా జేజి ఎత్తిన చేయి అలాగే ఉండిపోయింది. తర్వాత ఆ చేయి మెల్లగా దించి, ఉండను కొంగులో ముడి వేసుకుని, నన్ను కూడా పిలవకుండా ఇంటికి వెళ్లిపోయింది. దాన్ని తిన్నదో లేదో నాకు తెలియదు. సోమవారం పొద్దున మాత్రం నా చేయి పట్టుకుని తనే గది దాకా తీసుకొచ్చింది. గుమ్మం దగ్గర వదులుతూ, "చేతులు కడుక్కోని తిను" అంది. ఆ శనివారం ఓబులమ్మ ఉండ మొదటిసారి తిన్నాను. గట్టిగా ఉంది, ఒక వెంట్రుక కూడా వచ్చింది. ఎంత బాగుందో చెప్పలేను.

ఊరు మారిపోయిందని అబద్ధం చెప్పను. చిన్నాయన రూతమ్మ టీచరును తోడు తీసుకుని జమ్మలమడుగు స్టేషనుకు పోయి ఉన్నది చెప్పి వచ్చాడు. మా వీధివాళ్లు ఏడాది పాటు ఆయనతో మాట్లాడలేదు. కానీ ఓబులమ్మ వాళ్ల నాయన ఇంటికొచ్చాడు, గది మూతపడలేదు. మా కరపత్రాల గిన్నెలకు జాజు పూసి, సున్నంతో చుక్కలు పెట్టి ఇంటికో గిన్నె ఇచ్చాం. అదీ మా కుడిపక్కన కూర్చున్నవాళ్ల ఇంటికే.

చాలా ఏళ్ల తర్వాత, నాకు పెళ్లయ్యాక, జమ్మలమడుగులో రూతమ్మ టీచరును చూడడానికి పోయాను. మంచం మీద ఉంది, చూపు తగ్గింది. చాలాకాలంగా నన్ను తొలుస్తున్న మాట అడిగాను. "చిన్నాయన చెయ్యి సంగతి నీకు ముందే తెలుసా టీచర్?"

"మా చెల్లెలు కట్టు కట్టింది ఆసుపత్రిలో. అరచేతిలో పేలిన గాయం ఎట్లుంటాదో ఆమెకు తెలీదా?"

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్పింటే నన్ను పై వీధోళ్ల మనిషనేవాళ్లు, గది ఆ పొద్దే మూసేవాళ్లు. ఆయప్పకు చెప్పబుద్ధి కావాల. అందుకే మెంతులు నూరను పిలిచినా." ఆమె నవ్వింది. "ఒగోసారి భయమయ్యేది, ఈయప్ప మెంతులే నూరి పోతాడేమోనని."

ఇప్పుడు ఆమె లేదు. అంత ధైర్యమూ అంత ఓపికా కలిసి ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

గిన్నె ఆరేలోపల పాపకు బొరుగుల ఉండలు కూడా కట్టించాను. షరతు కూడా చెప్పాను, గొప్పగా. పాప వేళ్లు నాకబోయి ఆగి, "మన కుడిపక్క ఎవరున్నారమ్మా?" అంది. మా కుడిపక్క మెట్లు తప్ప ఏమీ లేవు. నేను జవాబు ఆలోచించేలోపల పళ్లెం పట్టుకుని ఎదురు పోర్షన్ తలుపు కొట్టేసింది. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. ఆవిడ పళ్లెం తీసుకుని తలుపు వేసుకుంది.

మరునాడు సాయంత్రం అదే పళ్లెం తిరిగొచ్చింది. ఆవిడే తెచ్చింది. అందులో నాలుగు నువ్వుల ఉండలు. ఇచ్చి వెళ్లిపోలేదు, గుమ్మంలోనే నిలబడి నా చేతివైపు చూస్తోంది. ఏడు నెలల కోపం ఎక్కడికీ పోలేదు. ఉండ ఒకటి చేతిలోకి తీసుకుని, నాకు తెలియకుండానే వెనక్కి తిరిగి చూశాను. మూడో అంతస్తులో గొర్రెపిల్ల ఎక్కడిది? నోట్లో పెట్టుకున్నాను.