పసుపునీళ్లు తాగిన గ్యాసు కుండీ

గుమ్మడివలస బడిలో యాభై ముగ్గురు పిల్లలున్నారు. వాళ్లలో సాంబారులోంచి ములక్కాడ ముక్కలు ఏరి పక్కన పెట్టేదెవరో, గుడ్డులో పచ్చసొన గిట్టనిదెవరికో, పొద్దున్న ఇంట్లో ఏమీ తినకుండా వచ్చేదెవరో హాజరుపట్టీ చూడకుండా చెప్పగలిగే మనిషి ఊళ్లో ఒక్కర్తే. ఆమె జగదాంబ. ఆ బడి పిల్లలకు పంతొమ్మిదేళ్లుగా మధ్యాహ్నం భోజనం వండుతోంది.

ఆమె పుట్టిల్లు పొందూరు దగ్గర. ఆ ఇంట్లో ఆడవాళ్లంతా సన్ననూలు వడికేవాళ్లు. జగదాంబ కూర్చుంటే మాత్రం మూరకోసారి దారం తెగేది. "నీకు ఇది రాదు గానీ పోయి పప్పు సూడు" అని తల్లి తరిమేది. అలా తరిమి తరిమి ఆ చేతిని పొయ్యికి అప్పజెప్పింది. ఇవాళ ఆమె పప్పు మరిగే వాసన వస్తే లెక్కల క్లాసులో ఒక్కడికీ లెక్క ఎక్కదు.

అంతా బాగానే ఉంది గానీ పొగతోనే వచ్చింది చిక్కు. వంటకని రేకుల షెడ్డు ఒకటి వేశారు. అందులో మూడు రాళ్ల పొయ్యి, జీడిమామిడి కట్టెలు, ఒక ఊదుగొట్టం. వానాకాలంలో ఆ కట్టెలు మంట కంటే పొగే ఎక్కువిస్తాయి. బడికి గ్యాసు బండ లేకపోలేదు, కానీ యాభై మందికి వండితే అది వారం తిరక్కుండా ఖాళీ. బండల బండి ఊళ్లోకి ఎప్పుడొస్తుందో దాన్ని తోలేవాడికే తెలియదు. కాబట్టి మళ్లీ కట్టెలే, మళ్లీ ఊదుడే. పంతొమ్మిదేళ్లు ఊదితే ఏమవుతుంది? దగ్గొచ్చి కూర్చుంది. కిందటేడు రాజాంలో డాక్టరు ఛాతీ ఫొటో తీసి చూసి, "ఇంకో రెండు వానాకాలాలు ఇలాగే ఊదావంటే, ఆ తర్వాత ఊదడానికి నీకు ఊపిరుండదమ్మా" అని తేల్చేశాడు.

ఇంటికొచ్చి ఆ మాటే మొగుడు కూర్మనాథానికి చెప్పింది.

"అయితే మానీయే" అన్నాడాయన, చుట్ట ఆరిపోయిందేమోనని చూసుకుంటూ.

"మానేసి ఏటి సేయమంటావు? నీ మొకం సూస్తా కూకోమంటావా?"

"నా మొకానికేటయిందే?"

"ఏటీ అవనేదు. ముప్పయ్యేళ్లుగా సూస్తన్నాను, అందుకే సెప్తన్నాను" అంది జగదాంబ. అని, గోడవైపు తిరిగి ఏడ్చింది. పిల్లలకు వండకపోతే తను బతికుండీ ఎందుకో ఆమెకు నిజంగా తెలియలేదు.

హెడ్మిస్ట్రెస్ విశాలి రోజూ రాజాం నుంచి బస్సులో వస్తుంది. ఆవిడ సంగతంతా విని, "నువ్వు మానొద్దమ్మా, పొయ్యినే మారుద్దాం. అందాకా షెడ్డు బయటే కూర్చో" అంది. పెద్దలు చాలామంది అలా అని మర్చిపోతారు. ఈవిడ మర్చిపోలేదు. అర్జీలు రాసింది, ఆఫీసుల చుట్టూ తిరిగింది, చివరికి ఒక సంస్థ వాళ్లను ఒప్పించి బడి వెనకాల గోబర్ గ్యాసు కుండీ కట్టించింది. పెద్ద గొయ్యి, దానిమీద బోర్లించిన ఇనప డ్రమ్ము. గోతిలో పేడ జావ పోస్తే గ్యాసు పుడుతుంది, పుట్టిన కొద్దీ డ్రమ్ము పైకి లేస్తుంది, గొట్టంలోంచి పొయ్యికి వస్తుంది. ఊళ్లో నలభై గడపలు. ఇంటికో తట్ట పేడ ఇస్తామని అందరూ ఒప్పుకున్నారు.

అందాకా పక్కింటి ధనలక్ష్మి వండేది. జగదాంబ వరండాలో కూర్చుని వాసన పట్టి, "ఒసే ధనా, పోపు మాడతన్నాది!" అని కేకేసేది. దీపావళి సెలవుల్లోపు గ్యాసు రాకపోతే వంటమనిషిగా ధనలక్ష్మి పేరే పైకి రాసి పంపాలి. విశాలి ఆ మాట ఎంతో ఇబ్బందిగా చెప్పింది. జగదాంబ తలూపింది. ఒకరోజు షెడ్డులోంచి ధనలక్ష్మి దగ్గు వినిపించింది. ఆ దగ్గు జగదాంబ ఎరిగినదే. తన పని పోతుందన్న బాధ ఒకటైతే, ఈ పిల్లకూ అదే రాత పడుతోందన్న భయం ఇంకొకటి.

శ్రావణమాసంలో కుండీ నింపారు. ఊరుకుంటే బాగుండేది. ఊరుకుంటే ఆమె జగదాంబ ఎలా అవుతుంది? ఇంత మేలు ఊళ్లోకొస్తుంటే ఉత్త చేతులతో ఎలా ఎదురెళ్తామని ఆమెకు తోచింది. అమ్మవారి పండగకు ఆడవాళ్లు కుండల్లో పసుపునీళ్లు కలిపి, వేపమండలు వేసి, నెత్తిన మోసుకెళ్లి పోస్తారు. వాటిని ముర్రాటలంటారు. "గ్యాసు తల్లికీ ముర్రాటలు పోద్దామర్రా" అంది. నలభై గడపల నుంచి నలభై కుండలు కదిలాయి. డప్పులు కూడా పెట్టారండోయ్! నీళ్లూ వేపాకూ అన్నీ భక్తిగా గోతిలోకే పోశారు.

రెండు వారాలైంది. డ్రమ్ము లేవలేదు. "అమ్మోరికి ఏటో కోపమొచ్చినాది" అన్నారు. మంగళవారం మళ్లీ నలభై కుండలు. ఆ పై మంగళవారం ఇంకో నలభై. ఇంకా చిక్కని పసుపు, ఇంకా గుప్పెళ్లకొద్దీ వేపాకు. డ్రమ్ము మాత్రం అలిగిన అల్లుడిలా కూర్చున్నచోటనే కూర్చుంది.

కుండీ కట్టిన మేస్త్రీ నరసింగరావు కబురందుకుని రాజాం నుంచి వచ్చాడు. పొడుగాటి కర్ర గోతిలో ముంచి తీశాడు. కర్ర పచ్చగా వచ్చింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఇదేటమ్మా, పేడ వాసన రాకుండా పేరంటం వాసనొస్తన్నాది?"

జగదాంబే ముందుకొచ్చి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

నరసింగరావు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఓలమ్మో! గాయానికి పసుపెందుకు రాస్తారు తల్లీ? పురుగు సావడానికి కదేటి. గ్యాసు పుట్టించేది పేడలో ఉండే కంటికి ఆనని పురుగే. అది బతికుంటేనే మీకు పొయ్యి. మీరేమో మూడుమార్లు పసుపూ యాపాకూ పోసి దాన్ని సంపేసారు."

జగదాంబ అక్కడే గట్టుమీద కూలబడింది. దీపావళి ఇంకా నెల కూడా లేదు. "నా సేత్తో నానే సేసుకున్నాను. అందర్నీ పిలిసింది నానే. పిల్లలకి పెట్టే సెయ్యి ఇది... ఇదే పాడు సేసినాది" అని ఆ చేతినే చూసుకుంటూ ఏడ్చింది.

ఆ వేళ ఎవరైనా ఒక్క మాట అన్నా ఆమె జన్మలో ఆ బడి గుమ్మం తొక్కేది కాదు. ఎవరూ అనలేదు. ధనలక్ష్మి చీర కుచ్చిళ్లు ఎగదోపి, "పోసిన కుండల్లో నాదీ ఉన్నాది, అప్పా. తోడీడానికీ నాను ఉన్నాను" అని బకెట్టు అందుకుంది. దాని వెనకే ఇంకో బకెట్టు, దాని వెనక ఇంకోటి. రెండురోజులు ఊరంతా ఆ పచ్చటి జావ తోడి పొలాల గట్లమీద పోసింది. కూర్మనాథం గోతిలోకి దిగి మొలలోతు పేడలో నిలబడ్డాడు. ఆ కంపులో కూడా, "ఒసే, ఇప్పుడు సూడే నా మొకం!" అని అరిచాడు. ఏడుపులోనే నవ్వొచ్చి జగదాంబకు దగ్గు తెర ఆగలేదు.

నరసింగరావు ఊరికే పోలేదు. నాగావళి అవతల ఊళ్లో గ్యాసు బాగా వస్తున్న కుండీ ఒకటుంటే, అందులోంచి ఆరు డబ్బాల జావ ఆటోలో వేసుకొచ్చాడు. "ఇది తోడు అనుకోండమ్మా. పాలల్లో పెరుగు సుక్క ఏసినట్టు. తోడేసిన పాలల్లో పసుపెవరూ కలపరు కదా?" అన్నాడు. "కలపం బాబూ, ఒట్టు!" అని నలభై గొంతులు ఒకేసారి పలికాయి.

ఆ తర్వాత జగదాంబ చేసిన పనల్లా రోజూ తెల్లారి తట్ట పట్టుకుని గడపగడపకూ తిరగడం. పేడ తీసుకుని ఆవు మెడ నిమిరి, "నీ రుణం ఉంచుకోనే తల్లీ" అని మరీ వచ్చేది. పదహారో రోజున డ్రమ్ము బెత్తెడు లేచింది. ఇరవయ్యో రోజుకు మూరెడు లేచింది. పిల్లలు సుద్దముక్కతో గీత గీసి పెట్టుకుని, విరామం గంట కొట్టగానే చూడ్డానికి పరుగులు తీసేవాళ్లు.

దీపావళికి ఇంకా నాలుగు రోజులుందనగా నరసింగరావు పొయ్యి వెలిగించాడు. జగదాంబ వంగి చూసింది. "ఏదీ మంట? కనపడ్డమే నేదు!"

"సెయ్యి పెట్టకమ్మా, కాలుతాది! అదిగో, నీలంగా ఉన్నాది సూడు."

ఉంది. సన్నగా, నీలంగా, చప్పుడు లేకుండా ఉంది. ఆమె చెయ్యి అలవాటుకొద్దీ ఊదుగొట్టం కోసం పక్కకు వెళ్లింది. దొరక్క ఉత్తదే తిరిగొచ్చింది. ఎసరు పెట్టింది. పప్పు పోసింది. అన్నం ఉడికింది, పప్పు మరిగింది, షెడ్డు రేకు ఈ మూల నుంచి ఆ మూల దాకా తేటగా కనిపిస్తూనే ఉంది. విశాలి పేర్ల కాగితం తెచ్చి, జగదాంబ పేరు కింద ధనలక్ష్మి పేరు కూడా రాసింది. ఇద్దరికీ పనుంది, ఇద్దరికీ ఊపిరుంది.

పిల్లలు తిని చేతులు కడుక్కుంటుండగా డప్పులు వినిపించాయి. జగదాంబ బయటికొచ్చి చూసింది. వీధిలోంచి ఆడవాళ్లంతా నెత్తిన కుండలతో వస్తున్నారు. కుండల్లో పసుపునీళ్లు, పైన వేపమండలు.

"ఓలమ్మో, మళ్లీనా! మీకు బుద్ధి నేదేటే? ఆగండి!" అని చేతులు చాచి కుండీకి అడ్డంగా పరిగెత్తింది.

"కుండీకి కాదప్పా" అంది ధనలక్ష్మి. "పంతొమ్మిదేళ్లు మా పిల్లలకి అన్నం పెట్టినావు. కాల్లు సాపు."

చల్లటి నీళ్లు పాదాలమీద పడ్డాయి. ఒక కుండ, ఇంకో కుండ. జగదాంబకు కళ్లు నిండిపోయాయి. ఇన్నేళ్లూ ఎవరైనా చూస్తే "పొగ" అని తుడిచేసుకునేది. ఇవాళ ఆ మాట అనడానికి షెడ్డులో పొగ లేదు. అందరిముందూ, పిల్లల ముందూ అలాగే నిలబడి ఏడ్చింది.

నాలుగో కుండ ఒంపుతుండగా ఆమె కాళ్లకింద చూసుకుంది. నీళ్లు పచ్చటి పాయ కట్టి మెల్లగా కుండీ వైపు పోతున్నాయి.

"అటు పల్లం ఉన్నాదర్రా!" అని గావుకేక పెట్టింది. "పార తెండి! గట్టు ఎయ్యండి, గట్టు!"