పిల్లల మధ్య పడ్డ గాలం

రిజర్వాయరు గట్టు మీద గాలాలు వేసేవాళ్లు లేతు మిషను మేస్త్రికి ఆమడ దూరంలో కూర్చుంటారు. గట్టిగా మాట్లాడేవాణ్ణీ, తెగిన దారం నీళ్లలో పారేసేవాణ్ణీ ఆయన తిట్టకుండా వదలడు. ఎర గుచ్చేటప్పుడు కూడా పళ్లు నూరుతూనే ఉంటాడు. ఒక ఆదివారం ఆయన బావమరిది కూడా వెంట వచ్చాడు. ఒడ్డు పక్క నాచులో ఎర్రటి చేపపిల్లలు ముద్దగా కదులుతున్నాయి. వాటి కింద తల్లి కొర్రమీను కాపలా కాస్తోంది. బావమరిది గురిచూసి పిల్లల మధ్యకే గాలం విసిరాడు.

"తియ్యరా! అది ఆకలేసి కరవదు, పిల్లల జోలికొచ్చావని కరుస్తుంది!"

"ఎందుకు కరిస్తేనేం బావా, కూరలో రుచి మారుతుందా?" అంటూనే వాడు గాలాన్ని కరిచిన తల్లి చేపను ఒడ్డుకు లాగి, మేస్త్రి లేచి వచ్చేలోపు రాయితో దాని తల మీద ఒక్కటేశాడు. అప్పుడే పిల్లల చుట్టూ నీళ్లు కలకబారుతున్నాయి. వాటిని మింగడానికి వేరే చేపలు చేరాయి. మేస్త్రి మోకాళ్ల లోతుకు దిగి, గాలం కర్రతో నీళ్లను బాదుతూ ఆ వచ్చిన చేపలను బూతులు తిట్టసాగాడు. ఎండ వాలినా గట్టెక్కలేదు.

"ఇంటికి పోదాం బావా, అక్క చూస్తుంటుంది."

"నువ్వు పోరా. వీటి అమ్మను వండించుకుని తిను," అని మేస్త్రి మళ్లీ కర్రెత్తాడు.