నీళ్లు చప్పబడేదాకా

మేస్త్రీ పోయారని ఫోనొచ్చే సమయానికి నేను ఆయన్ని మనసులో తిట్టుకుంటున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఇది దాచిపెట్టి ఆయన గురించి నాలుగు మంచిమాటలు రాస్తే ఆయనకే నచ్చదు. ఆస్టినాబాద్‌లో మా హార్డ్‌వేర్ షాపు షట్టర్ అప్పుడే ఎత్తాను. మా ఇద్దరికీ మాటల్లేక ఇరవై రోజులైంది. ఫోన్లో ఆయన కోడలు.

"దీదీ, మావయ్య ఎలిపోయినారు. పొద్దున్నే, అస్పతాల్లోనే. నిన్న సాయంత్రం మీకో మాట సెప్పమన్నారు. కారు ఇంకా అవ్వలేదని సెప్పమన్నారు."

పోయే మనిషికి నాతో చెప్పడానికి అదొక్కటే దొరికిందా అని ముందు కోపమే వచ్చింది. ఆ తర్వాత స్టూలు మీద కూలబడి, వచ్చిన గిరాకీని కూడా పట్టించుకోకుండా ఏడ్చాను.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. మా తాతలూ వాళ్ల తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి ఈ దీవులకు వచ్చినవాళ్లు, అంతే. నేను బాబాయ్ అనేదాన్ని. చౌల్దారీలో పోకచెట్ల వెనక ఆయన రేకుల షెడ్డు. పాత బండ్ల అడుగుభాగం బాగుచేయడం ఆయన పని. పైన రంగు ఎలా ఉందో, సీట్లు చిరిగాయో లేదో ఆయనకు అక్కర్లేదు. బండి రాగానే కిందకి దూరి వెల్లకిలా పడుకునేవారు. ఆయన ముఖం కంటే అరికాళ్లే నాకు ఎక్కువ గుర్తు.

ఇక్కడ మాకో పిచ్చి ఉంది, బయటివాళ్లు ఎరగరు. మెయిన్‌లాండ్ నుంచి కారు ఓడ మీద వస్తుంది. మూడు నాలుగు రోజులు సముద్రపు తుంపరలో తడుస్తుంది. దిగిన రోజే కొబ్బరికాయ కొట్టి, తిన్నగా తీసుకెళ్లి అడుగున నల్ల కోటింగ్ కొట్టించేస్తాం, ఉప్పుగాలి తగలకూడదని. ఉప్పు అప్పటికే ఎక్కి కూర్చుందన్న ఆలోచన రాదు. ఆ డబ్బాలు అమ్మే నాకే రాలేదు, ఇంకొకరికి ఏం వస్తుంది?

మేస్త్రీ పద్ధతి వేరు. షెడ్డు రేకుల మీంచి డ్రమ్ముల్లో పట్టిన వాననీళ్లతో బండి అడుగంతా కడిగేవారు. కింద పడుకుని, కారిన చుక్కని అరచేతిలో పట్టి నాలుక మీద వేసుకునేవారు. ఉప్పు తగిలితే మళ్లీ కడగడమే. నీళ్లు పూర్తిగా చప్పబడ్డాకే ఆరబెట్టి కోటింగ్. ఆ పని ఉన్న రోజుల్లో నాలుక శుభ్రంగా ఉండాలని చప్పిడి కూడు తినేవారు. ఒకసారి నేను చేపల పులుసు తీసుకెళ్తే గిన్నె మూత కూడా తీయలేదు. "రేపు తెత్తే తింతాను తల్లీ. ఇయాల నా నాలుక డ్యూటీలో ఉంది" అన్నారు.

మా నాన్న పోయాక ఆయన పాత అంబాసిడర్ ఇంటి వెనక పడి ఉండేది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని అమ్మ కోరిక. మోకాళ్లు పట్టేసి గడప దాటలేని మనిషి. ఒక్కసారి ఆ ముందు సీట్లో కూర్చుని తుష్నాబాద్‌లో తన చెల్లెలి ఇంటిదాకా వెళ్లొస్తే చాలంది. మేస్త్రీ ఒప్పుకుని కారు షెడ్డుకి తెప్పించారు. మొదటిరోజే నన్ను కిందకి రమ్మన్నారు. చెంగు బిగించుకుని పాక్కుంటూ వెళ్లాను. ఓడ దిగిన రోజు నాన్న కొట్టించిన నల్ల పూత చెక్కుచెదరకుండా ఉంది. మేస్త్రీ అంచు పట్టుకుని లాగితే అరటితొక్కలా ఊడొచ్చింది. వెనక ఇనుము పొడిపొడిగా రాలింది. దాని మీద తెల్లగా, తడిగా ఉప్పు. నేను పుట్టకముందు ఓడ దిగిన కారది. అన్నేళ్లూ ఆ ఉప్పు ఆరకుండా అక్కడే ఉంది.

మేస్త్రీ చిటికెడు నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నారు. "ఇది మన జెట్టీకాడ ఉప్పు కాదు తల్లీ. నడిసంద్రంది" అన్నారు. ఇంటికెళ్లి అమ్మకు ఆ సంగతి చెప్పలేదు.

ఏడాదిన్నర పట్టింది. అడుగున రేకంతా కోసి కొత్తది అతికారు. చివరికి మిగిలింది పూత ఒక్కటే. నేను మా షాపులోని రబ్బరు కోటింగే కావాలన్నాను. నల్లగా, మందంగా ఉంటుంది, ఒకసారి కొడితే ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదు. ఆయన మైనమూ నూనే కలిపి కాచిన పూత రాస్తానన్నారు. దాన్ని ఏటా వానలు వెనకబట్టాక మళ్లీ రాయాలి. పైగా జిడ్డు.

"ఏటేటా ఎవరు పడుకుంటారు బాబాయ్ దీని కింద?"

"అరె, సునో తల్లీ. మైనమైతే ఇనుము కనిపిస్తాది. జంగ్ పడితే, అదే తుప్పు, తెలుస్తాది. నల్లది ఏస్తే పైకి పక్కా, అందర్, లోపల ఏటవతందో ఎవలికి ఎరుక?"

అని షెడ్డు మూల ఉన్న జీపు దగ్గరికి తీసుకెళ్లారు. దాని అడుగు నల్లగా నిగనిగలాడుతోంది. స్క్రూడ్రైవర్ ఆనిస్తే జున్నులోకి దిగినట్టు పిడిదాకా దిగింది. ఇంకోచోట గుచ్చారు, అక్కడా అంతే. లోపల ఇనుమన్నది లేదు. ఒట్టి పూతే బండి ఆకారంలో నిలబడి ఉంది. "దీన్ని మొన్నటిదాకా నడిపినారు" అన్నారు మేస్త్రీ, చిన్నగా. ఆ తర్వాత ఆ షెడ్డులో ఉన్నంతసేపూ ఆ జీపుకి వీపు పెట్టి నిలబడలేకపోయాను.

అయినా నా మొండితనం నాది. ముందు కడగడం కానివ్వు, పూత సంగతి తర్వాత చూద్దామన్నాను. కడిగారు. నాలుగు కడుగులకి బండంతా చప్పబడింది, ఒక్క చోట తప్ప. డ్రైవరు సీటు కింద, జానెడు మేర. అక్కడ కారిన చుక్క ఉప్పగానే ఉందంటారు. మళ్లీ కడుగుతారు, రెండు రోజులు ఆరబెడతారు, మళ్లీ ఉప్పే అంటారు. కొత్త రేకు, కొత్త అతుకు. పాత ఇనుము అక్కడ గోరంత కూడా లేదు. అలా రెండు నెలలు గడిచాయి. ఇంట్లో అమ్మ రోజూ "కారు ఎప్పుడొస్తుందే?" అని ప్రాణం తీసేది. ఇక పట్టలేక షెడ్డుకి వెళ్లి అడిగాను.

"కొత్త ఇనుముకి ఉప్పు ఎక్కడినుంచి వస్తుంది బాబాయ్?"

"నాకూ అదే తెలవట్నేదమ్మా." కారు కిందనుంచి గొంతు మాత్రమే వచ్చింది. "మీ నాయన కూకున్న సోటు గదా."

ఆ మాటకి భయపడ్డాను. భయం వేస్తే నాకు కోపం వస్తుంది, చిన్నప్పటినుంచీ అంతే. "ఉప్పు బండికి కాదు, నీ నాలుక్కి పట్టింది. ముసలాడివైపోయావు, ఇంక పని మానుకో" అనేశాను. ఆయన కిందనుంచి బయటికి రాలేదు. మర్నాడు ఆటోలో ఆరు నల్ల డబ్బాలు పంపి, ఇదే కొట్టమని కబురు పెట్టాను. జవాబు రాలేదు. ఆయన ఆస్పత్రిలో చేరిన సంగతి నాకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదు. ఆ తప్పు నాదే, ఎవరి మీదా తోయను.

పదకొండో రోజు కార్యానికి వెళ్తే కోడలు షెడ్డు తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"ఆయన అస్పతాలికి ఎల్నకాడ్నించి ఎవలూ తియ్యనేదు దీదీ. నాకైతే అందులోకి ఎల్లాలంటే అదోలా ఉంటాది. కింద ఎవలో పడుకునున్నట్టే ఉంటాది."

ఒక్కదాన్నే వెళ్లాను. మబ్బు పట్టి మిట్టమధ్యాహ్నమే లోపల మసకగా ఉంది. నా ఆరు డబ్బాలూ మూత తీయకుండా గోడ పక్కన వరసగా ఉన్నాయి. కారు కింద పడుకున్నాను. అడుగంతా మైనం. బ్రష్షు వాడలేదు, చేత్తోనే రాశారు. వేళ్ల చారలు వెనక చక్రాల నుంచి ముందుకు వచ్చి, డ్రైవరు సీటు కింద ఆగిపోయాయి. అక్కడ జానెడు ఇనుము వదిలి, చుట్టూ సుద్దతో గీత గీశారు. ఈ గాలికి ఒట్టి ఇనుము వారం ఉంటే ఎర్రబడుతుంది. నెల దాటినా అది తెల్లగా మెరుస్తోంది. ఎందుకో దాన్ని ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. నేను అన్ని మాటలన్నాక కూడా, ఒంట్లో బాగోకపోయినా, ఆయన వచ్చి ఈ కింద పడుకున్నారు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఇంటికొచ్చి అంతా అమ్మకు చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. "ఆయన కాలేదన్నాక కాలేదే. నేను ఆగుతాలే" అంది. ఇప్పుడు ఓడ దిగిన కారుకని నల్ల డబ్బాలకు వచ్చేవాళ్లని ముందు కడిగారా అని అడుగుతున్నాను. కొందరు నవ్వి పక్క షాపుకి పోతున్నారు. పోనీ.

పోయిన ఆదివారం పొద్దున్న ఉప్పు లేకుండా ఇంత అన్నం తిని చౌల్దారీ వెళ్లాను. డ్రమ్ములోంచి ఒక చెంబు వాననీళ్లు ముంచి ముందు రుచి చూశాను. చప్పగా, చల్లగా ఉన్నాయి. కారు తలుపు తీసి, డ్రైవరు సీటు కింద అతుకు సందులోకి ఆ చెంబు నీళ్లు పోసి, కిందకి దూరి సుద్దగీత దగ్గర అరచెయ్యి పట్టాను. మొదటి చుక్క నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు. పొరపాటు పడేంత ఉప్పు కాదు, గొంతు మండించే ఉప్పు.

"నువ్వన్నదే నిజం బాబాయ్. నన్ను క్షమించు" అన్నాను పైకే.

చెయ్యి అక్కడే ఉంచాను. నేను పోసింది ఒక్క చెంబు. ఆ నీళ్లు ఎప్పుడో అయిపోయి ఉండాలి. అరచెయ్యి నిండింది, మోచేతి మీదుగా కారి జాకెట్టు తడిసింది, వీపు కింద నేల తడిసింది, చుక్క మాత్రం ఆగలేదు.