ఎర్ర గీత కదిలిందా?

మా పెదనాన్నని వీధంతా 'బొటనవేలు' అని పిలుస్తుంది. ఆయనది టైర్ల కొట్టు. వయసులో ఉన్నప్పుడు లారీ టైరుని బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి లోపల గాలి ఎంతుందో చెప్పేవాడట. గేజి పెట్టి చూస్తే సరిగ్గా అంతే ఉండేదట. "గేజి చూడాలంటే కళ్ళజోడు కావాలి, నా వేలికి అక్కర్లేదు" అని మీసం తిప్పేవాడని అమ్మ చెప్పేది.

నేను చూసేనాటికి ఆ మీసం తిప్పే మనిషి లేడు. గాలి పట్టే పని పనివాళ్ళకి వదిలేశాడు. గేజి ముట్టుకోడు, టైరు నొక్కడు. పాత డ్రైవర్లు బండి దిగి, "బొటనవేలు బాబాయ్, ఒక్కసారి నొక్కి చెప్పవా?" అంటే, "వేలు అరిగిపోయిందిరా" అని లోపలికి వెళ్ళిపోయేవాడు. తను చేసే పని ఒక్కటే. కొట్టులో ఏ చక్రం బిగించినా, చిన్న కుంచెతో రిమ్ము మీంచి టైరు మీదికి ఒక ఎర్ర గీత గీస్తాడు.

"మా బండికి లిప్‌స్టిక్కా బాబాయ్?" అని డ్రైవర్లు ఆటపట్టిస్తారు. నవ్వడు. నా స్కూలు సైకిలు చక్రాల మీద కూడా ఆ గీతలుండేవి. రోజూ పొద్దున్నే వంగి చూసి గానీ నన్ను ఎక్కనిచ్చేవాడు కాదు.

ఆ గీత ఆయన సొంతం కాదు. మా నాన్నది.

నాన్న రేడియోలు బాగుచేసేవాడు. అన్నదమ్ములిద్దరూ కొట్టు వెనక రేకుల షెడ్డులో మూడేళ్ళు కూర్చుని ఒక మనిషి పట్టే చిన్న విమానం కట్టారు. టైరు రిమ్ము మీద జారితే గీత రెండు ముక్కలై తెలిసిపోతుందని ఏదో పత్రికలో చదివి, నాన్న దాని చక్రాలకి గీతలు గీశాడు. ఆరోసారి ఎగిరి దిగుతుండగా విమానం ఎడమకి తిరిగిపోయి, మైదానం చివరి రాతిగోడని కొట్టుకుంది. లోపలున్న నాన్న పోయాడు. పక్కగాలి తోసేసిందన్నారు. కాగితాల్లోనూ అదే రాశారు. అప్పుడు నాకు నాలుగేళ్ళు, అక్కకి ఎనిమిది. చెట్టు కొమ్మ ఊగినా నాకు ఒళ్ళు మండేది. పదిహేనేళ్ళు గాలిని తిట్టుకుంటూ పెరిగాను.

అక్క వెల్డరైంది. ఫ్లయింగ్ క్లబ్బులో ఎగరడం నేర్చుకుంది. అదే షెడ్డులో, అదే మూల, తన విమానం మొదలుపెట్టింది. అమ్మ నెల రోజులు అక్కతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు సూదీ దారం తెచ్చుకుని, రెక్కల మీది గుడ్డ కుట్టడానికి తనే కూర్చుంది. అన్నీ అయ్యాయి, చక్రాలు తప్ప. ఇంట్లో టైర్ల మనిషిని పెట్టుకుని బయట అడగడమేమిటని అక్క వాటిని పెదనాన్నకి అప్పజెప్పింది.

ఎనిమిది నెలలు గడిచాయి.

మొదట తోపుడుబండి చక్రాలు తెచ్చాడు. తేలికగా ఉన్నాయి. "ఇవి నడకకి పుట్టినవి, పరుగు తట్టుకోలేవు" అని తనే తిరిగిచ్చేశాడు. తర్వాత స్కూటరు చక్రాలు. విమానం కాస్త పక్కకి ఒరిగి దిగితే బేరింగులు ఆగవన్నాడు. మూడోది క్లబ్బులో పాత విమానం నుంచి విప్పిన జత, బ్రేకులతో సహా. టైరు గోడలు పల్చగా, మెత్తగా ఉన్నాయి. అక్కకి నచ్చాయి. పెదనాన్న రోజూ వాటిని గూట్లోంచి తీసేవాడు, ఒళ్ళో పెట్టుకుని తిప్పేవాడు, మళ్ళీ గూట్లో పెట్టేసేవాడు. ఎంత బరువుకి ఏ టైరు, గడ్డి నేల మీద ఎంత వెడల్పు ఉండాలి, అన్నీ నేను పుస్తకాల్లో వెతికి చదివి వినిపించాను.

"చెప్పేవాడికి వినేవాడు లోకువ. కానీరా, పుస్తకాల పురుగూ" అనేవాడు. వినేవాడు కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క ఓపిక అయిపోయింది.

"పెదనాన్నా, చక్రాలు చూస్తున్నావా, నాకు సంబంధాలు చూస్తున్నావా? వచ్చిన ప్రతిదానికీ ఒక వంక!"

"తొందరేముందే తల్లీ?"

"ఎనిమిది నెలల నుంచి దిమ్మెల మీద కూర్చుంది విమానం. గుడ్లు పెడుతుందనుకున్నావా?"

"ఈ జత మరీ మెత్తగా ఉందే."

"మెత్తనివి వద్దంటే గట్టివి వెయ్యి. సామాన్ల ట్రాలీలకి వేస్తావే, మందంగా, రాళ్ళలా—"

"వద్దు!"

వీధిలోకి వినబడేంత గట్టిగా అరిచాడు. పనివాడు గాలి మిషను కట్టేశాడు.

"అవి మాత్రం వద్దు" అన్నాడు మళ్ళీ, గొంతు తగ్గించి.

"ఎందుకు?"

ఆయన లేచి కొట్టు వెనక గదిలోకి వెళ్ళాడు. గోనెసంచిలో చుట్టిన దాన్నొకటి మోసుకొచ్చి మా ముందు విప్పాడు.

చిన్న చక్రం. మందపు టైరు. వాల్వు మొదలంటా తెగిపోయి ఉంది. రిమ్ము మీద ఒక ఎర్ర గీత ముక్క. టైరు మీద ఇంకో ముక్క. రెండూ ఒకదానికొకటి ఎదురుగా లేవు.

"మీ నాన్న పల్చటివే వేద్దామన్నాడు. బలంగా ఉంటాయని నేనే ఇవి వేశాను. ఆ పొద్దున గాలి పట్టి నొక్కి చూశాను. రాయిలా ఉంది. 'అన్నయ్యా, గేజి పెట్టు' అన్నాడు వాడు. 'నా వేలుండగా గేజి ఎందుకురా' అన్నాను." ఆయన మా మొహాలు చూడలేదు, చక్రాన్నే చూస్తున్నాడు. "లారీ టైరు రోజూ నొక్కేవాణ్ణి. ఇలాంటిది ఎప్పుడూ నొక్కలేదు. గట్టిగా తగిలింది టైరు గోడే. లోపల చాలినంత గాలి లేదు. నేల తగలగానే ఈ ఎడమ టైరు జారి వాల్వుని తెంపుకుపోయింది, విమానం అటే తిరిగిపోయింది. పక్కగాలి కాదే. అందరూ అదే అన్నారు. నేను ఊరుకున్నాను."

అక్క ఏడవలేదు. చెయ్యి చాపి ఆ రెండు ముక్కల మధ్య వేళ్ళు ఆనించి చూసింది. నాలుగు వేళ్ళు పట్టాయి.

నేను మాత్రం ఆ మనిషి బొటనవేలినే చూస్తున్నాను. నాకు చెప్పులు తొడిగిన వేలు అది. జ్వరమొస్తే నుదుటికి మందు రాసిన వేలు. దాన్ని ఎలా అసహ్యించుకోవాలో ఏ పుస్తకంలోనూ చదవలేదు. అయినా అసహ్యించుకున్నాను.

అక్క గూట్లోంచి పల్చటి టైర్ల జత దించింది. గోడకి వేలాడుతున్న గేజి తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఇవే వేస్తున్నాం. గాలి నువ్వు పట్టు."

"నా చేత్తోనా?"

"నీ చేత్తోనే. గేజి చూసి."

ఆయన కళ్ళజోడు కోసం జేబులన్నీ తడుముకున్నాడు. అది నెత్తి మీదే ఉంది. గాలి పట్టి, అంకె చదివి, నమ్మకం లేక నన్ను చదవమన్నాడు. చదివాను. రెండోసారి తనే చదువుకున్నాడు. అప్పుడు అక్క కుంచె అందించింది.

మూడు వారాల తర్వాత, పొద్దున ఎండలో, అక్క ఎగిరింది. మైదానం మీద రెండు చుట్లు తిరిగింది. పెదనాన్న ఆకాశం వైపు తలెత్తలేదు, ఆ రాతిగోడ వైపే చూస్తూ నిలబడ్డాడు. చక్రాలు నేలకి తగిలాయి, ఒకసారి ఎగిరిపడ్డాయి, తిన్నగా పరుగెత్తి ఆగాయి. క్లబ్బువాళ్ళు, అమ్మ, అందరూ అక్క దగ్గరికి పరుగెత్తారు.

ఆయన ఎడమ చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాడు. బొటనవేలు టైరు వైపు వెళ్ళింది. తగలకముందే వెనక్కి లాక్కుని గుప్పిట్లో దాచుకున్నాడు.

"ఒరేయ్, గీత కదిలిందా? నాకు సరిగ్గా కనబడట్లేదు."

నేను వంగి చూశాను. రిమ్ము నుంచి టైరు దాకా, ఒకే గీత.

"చెప్పరా. కదిలిందా?"

ఆయన ఊరుకున్న పదిహేనేళ్ళూ నాకు గుర్తొచ్చాయి. మూడోసారి అడిగేదాకా ఊరుకున్నాను.

అడిగాడు.

"లేదు" అన్నాను.

ఆయన లేవలేదు. "కుడిది కూడా చూడు" అన్నాడు.