ఆపమ్మ అత్తగారి కిటికీ

వీధి జనం ఆమెకి పెట్టిన పేరు ఆపమ్మ. పాత కట్టడాల రక్షణ శాఖలో ఇన్‌స్పెక్టరు ఉద్యోగం. ఎక్కడ సుత్తి చప్పుడు వినబడితే అక్కడ ప్రత్యక్షమై "ఆపండి" అనేది. గడియార స్తంభం వెనక వీధిలో ఇళ్లన్నీ చట్టం కింద ఉన్నవే. వీధి వైపు గోడకి మేకు కొట్టాలన్నా శాఖ ఒప్పుకోవాలి. బేకరీ ఆయన మిణుకు మిణుకుమనే బోర్డు తగిలిస్తే పీకించింది. పళ్ల డాక్టరు ముందు గోడకి ఏసీ పెట్టె బిగిస్తే పెరటి వైపుకి మార్పించింది. ఆ తర్వాత పన్ను నొప్పి వచ్చి అదే డాక్టరు ముందు నోరు తెరవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆమెకి చెమటలు పట్టాయి.

ఆమె కాపురమూ ఆ వీధిలోనే, అత్తగారింట్లో. అత్తగారు దర్జీ. ముందు గదిలో కిటికీ పక్కన మిషను వేసుకుని వీధిలో సగం మందికి బట్టలు కుట్టేది, మిగతా సగం మంది గురించి మాట్లాడేది.

ఒకరోజు ఆపమ్మ రౌండ్లకి వస్తుంటే తన ఇంటి ముందే సుత్తి మోగుతోంది. పైకెత్తి తెరిచే పాత చెక్క కిటికీ పేవ్‌మెంటు మీద పడుంది. దాని చోట అల్యూమినియం కిటికీ బిగించడానికి మేస్త్రీ కొలతలు చూస్తున్నాడు. అత్తగారు అతనికి టీ అందిస్తోంది.

"పని ఆపించండి అత్తయ్యా."

"ఆఫీసు మాటలు ఇంట్లో వద్దమ్మా."

"మీరున్నది వీధిలో."

ఎదురు సెలూన్లో మంగలి సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలో వదిలేసి గుమ్మంలోకి వచ్చాడు. ఆపమ్మ సంచిలోంచి నోటీసు తీసి, సొంత ఇంటి గోడకి సొంత చేత్తో అంటించింది. మేస్త్రీ టీ తాగేసి వెళ్లిపోయాడు. కిటికీ ఉండాల్సిన చోట బొక్క మిగిలింది. దానికి టార్పాలిన్ కట్టారు. ఆ వారమే వానలు మొదలయ్యాయి.

అత్తగారు కోడలితో మాట్లాడటం మానేసింది. ఏదన్నా చెప్పాలంటే కొడుకు ద్వారా. "ఒరేయ్, ఇన్‌స్పెక్టరు గారు టీ తాగుతారేమో కనుక్కో." కొడుకు బస్సు డ్రైవరు. రోజంతా హారన్లు విని వచ్చినవాడు, ఇద్దరి మధ్య కూర్చుని కప్పులు అందించేవాడు, అభిప్రాయం మాత్రం అందించేవాడు కాదు.

ముందు గది తడిసిపోవడంతో అత్తగారి మంచం కోడలి గదిలోకి, కొడుకు పక్క వంటింట్లోకి చేరాయి. అక్కడ ఆపమ్మ కంటపడింది: అత్తగారు చెయ్యి భుజం దాకా కూడా ఎత్తలేకపోతోంది. జాకెట్టు తొడుక్కోవడానికే తంటాలు పడుతోంది.

"చెయ్యి ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?"

"ఆ చెక్క కిటికీ ఎత్తీ ఎత్తీ. ఎత్తకపోతే వెలుతురుండదు, సూదిలో దారం దూరదు. చెక్కది బాగు చేయించాలంటే నా కుట్టు డబ్బులు చాలవు, అందుకే అల్యూమినియంది." కొడుకు ఇంట్లో లేడు కాబట్టి కోడలితోనే మాట్లాడాల్సి వచ్చింది. "నీకు నోటీసు అంటించడం వచ్చు. అడగడం రాదు."

ఆపమ్మకి ఆ మాట గట్టిగానే తగిలింది. మర్నాడు పెద్దాఫీసరు గదిలోకి వెళ్లింది. ఆయన దృష్టిలో శాఖ ఉన్నది ఆపడానికి. ఆపిన ఇల్లు తర్వాత కూలిపోతే దాన్ని సహజ మరణం అనేవాడు.

"సార్, ఆపే అధికారం ఇచ్చిన చట్టంలోనే ఇంకోటి కూడా ఉంది కదా. బాగు చేయించుకునే స్తోమత లేనివాళ్లకి మన శాఖే బాగు చేసి పెట్టాలని."

"ఉంది. అందుకే ఎవరికీ చెప్పం." ఆయన నిజాయితీపరుడు, ఆ మేరకు. "పైగా మొదటి మరమ్మతు మీ అత్తగారికే చేస్తే జనం నా మొహాన ఉమ్మేస్తారు."

"అయితే ఆవిడది ఆఖర్న చేయించండి."

ఆయన సరే అనలేదు, కాదనలేదు. ఆమె తిన్నగా సెలూన్‌కి వెళ్లింది. వార్త పాకాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. శాఖకి అధికారమే కాదు, బాధ్యత కూడా ఉందని మంగలికి చెప్పింది. రెండు గడ్డాలు గీసేలోపు వీధి మొత్తానికి తెలిసిపోయింది. వారం తిరక్కుండా పెద్దాఫీసరు గది ముందు విరిగిన కిటికీల వాళ్లు, కారే కప్పుల వాళ్లు బారులు తీరారు. స్తోమత బాగానే ఉన్న డాక్టరు కూడా వచ్చాడు, వినోదం చూడటానికి. ఇక తప్పనిసరై శాఖ ఒక వడ్రంగిని పెట్టింది.

అతను వీధి అవతలి చివర నుంచి మొదలెట్టాడు. వానాకాలమంతా అత్తాకోడళ్లు ఒకే గదిలో, ఒకరి గురకని ఒకరు తిట్టుకుంటూ గడిపారు. "నీ న్యాయం తగలెయ్య, ముందే చెప్పుకోవచ్చుగా మనది" అనేది అత్తగారు. అయినా ఇరుగుపొరుగుతో మాత్రం, "మాది ఆఖర్న చేయమంది మా పిల్ల" అని చెప్పుకునేది, కాస్త గొప్పగానే.

చివరికి పాత చెక్క కిటికీ తన చోటికి చేరింది. వీధి వైపు ఒక్క గీత మారలేదు. లోపలి వైపు మార్పులకి చట్టం అడ్డు చెప్పదు కనక, ఆపమ్మ వడ్రంగి చేత గిలక, తాడు, ఎదురు బరువు పెట్టించింది. అత్తగారు మిషను ముందు కూర్చునే తాడు లాగింది. కిటికీ పైకి లేచింది. చెయ్యి నడుం దాటలేదు.

"కిర్రుమంటోంది" అంది అత్తగారు.

"నూనె వేస్తాను" అంది కోడలు, వంటింట్లోకి వెళుతూ.