మునీశ్వరి చెయ్యి పెట్టి చూస్తే

మదనపల్లెలో కంప్యూటర్లు బాగుచేసే మునీశ్వరి తెర వంక చివరికి గానీ చూడదు. ముందు జ్వరం చూసినట్టు యంత్రం పక్కన అరచెయ్యి పెడుతుంది, తరువాత చెవి ఆనించి ఫ్యాను చప్పుడు వింటుంది. రెండువేల ఏడులో పట్టు వ్యాపారి మునిచంద్ర ల్యాప్‌టాప్ తెచ్చాడు. నడుస్తూ నడుస్తూ అది దానంతటదే ఆరిపోయి మళ్లీ మొదలయ్యేది. రెండు షాపులవాళ్లు వైరస్సని తేల్చి, ఉన్నదంతా చెరిపేసినా రోగం కుదరలేదు.

"నీ చేత గాకుంటే చెప్పమ్మా, బెంగుళూరుకు ఎత్తుకపోతా," అన్నాడు వీధంతా వినేట్టు. ఆమె షాపు తెరిచి నెలే అయింది. ఇప్పుడు ఓడితే మళ్లీ గడప తొక్కేవాడుండడు.

మునీశ్వరి చెయ్యి పెట్టింది. ల్యాప్‌టాప్ ఒళ్లు కాలుతోంది గానీ పక్క సందుల్లోంచి వేడిగాలి రావడం లేదు. తిప్పి చూసి నవ్వింది.

"ఆయుధపూజకు గంధం యాడ పూసినారప్పా?"

"కొత్తది గదా, సుట్టూరా దట్టంగా పూసినా."

"దాని ముక్కులు మూసేసినారు. ఊపిరాడక పడిపోతాండాది."

అడుగు రేకు విప్పి, గట్టిపడిన గంధాన్ని పళ్లబ్రష్షుతో గీకేసింది. ల్యాప్‌టాప్ గంట నడిచింది, రెండు గంటలు నడిచింది, ఒక్కసారీ ఆరిపోలేదు.

మునిచంద్ర గట్టిగా నవ్వాడు. "మా అంగట్లో కంప్యూటర్లన్నీ ఇంక ఈడికే తెస్తా!"

"తెండప్పా," అంది మునీశ్వరి, "గంధం మాత్రం వాటికి గాదు, మీరు పూసుకోండి."